సగటుకు దగ్గు రాదు

స్టోరు గదికి కిటికీ ఒక్కటే.
గాలి వస్తుంది, వెలుతురు రాదు.
ఆ గాలే నా క్యాలెండరు.

జనవరి ఆఖర్లో ఒక పొద్దున
తాళం తీస్తూనే మూడు తుమ్ములొచ్చాయి.
యార్డులో కొత్త కాయ దిగిందన్నమాట.
తేజ రకమయితే మూడు, లావు కాయయితే ఒకటి.
పదకొండేళ్ల లెక్క,
ఏ రిజిస్టర్లోనూ ఎక్కించలేదు.

ఆ రోజే ఇండెంటు పెట్టాను:
నెబులైజరు మాస్కులు, పెద్దవాళ్లవి, నాలుగు వందలు.
పై ఆఫీసు కంప్యూటరు
అక్టోబరునీ నవంబరునీ డిసెంబరునీ కలిపి
మూడుతో భాగించి
నూట పది చాలంది.
కారణం అనే గడిలో ఏం రాయను?
తుమ్ములని రాస్తే నవ్వుతారు.
సీజను అని రాశాను.
ఏ సీజను? అని తిప్పి పంపారు.

గుంటూరు మీద సంతకం పెట్టే మనిషి
గుంటూరు గాలి ఒక్క గుక్క పీల్చి ఉండడు.

సరఫరా గొలుసు అన్నారు మాకు ట్రైనింగులో,
విజయవాడలో ఏసీ హాలు, సమోసా, టీ.
తెర మీద బాణాలన్నీ
అక్కణ్ణించి ఇటే వచ్చాయి.
ఇక్కణ్ణించి అటు పోయే బాణం
ఒక్కటీ లేదు.
చెయ్యెత్తి అడుగుదామనుకున్నాను.
భోజనాలకి లేచారు.

మార్చి.
టిక్కీల లారీలు బైపాస్ దాకా తోక చాచాయి.
రేకుల షెడ్డు కింద తొడిమలు తీసే ఆడవాళ్లు,
ముక్కుకి కొంగు, వేళ్లకి ఆముదం.
కిలోకింత కూలి గనక
దగ్గడానిక్కూడా చెయ్యి ఆపరు.

సువార్తమ్మ సాయంత్రం ఆరింటికి వచ్చింది.
వచ్చింది అనకూడదు, ఆటోలోంచి ఇద్దరు దింపారు.
ఛాతీలో చిల్లుపడ్డ కొలిమితిత్తి.
మందుంది. మెషీనుంది. కరెంటుంది.
డాక్టరుంది, సిస్టరుంది.
మాస్కు లేదు.

పక్క మంచం ముసలాయన తన మాస్కు తీసి
నాకు తగ్గిందిలెండి అన్నాడు,
ఆ ముక్క పూర్తిచేయడానికి రెండుసార్లు ఆగి.
సిస్టరు దాన్ని కడిగి తీసుకెళ్లింది.
రూలు ఒప్పుకోదు.
నేను గోడకేసి తిరిగి
ఖాళీ అట్టపెట్టెలు లెక్కపెట్టాను.

రాత్రి తొమ్మిదికి ఆటోనగర్ కాలేషాకి ఫోను చేశాను.
వెనక మిషన్లు ధడ్ ధడ్.
"మీ ఆర్డరు లేదుగా మేడమ్,
మౌల్డు దింపేసి బకెట్ మూతలది ఎక్కించా.
జనవరిలో ఒక్కమాట చెప్పుంటే..."

చెప్పాను.
పైకి చెప్పాను.
ముప్పై మైళ్లు కూడా లేని నీకు
చెప్పాలని తోచలేదు.

మౌల్డు మార్చడానికి మూడు గంటలు,
వేడెక్కడానికి ఇంకో గంట.
తెల్లారి మొదటి బస్సులో
కృష్ణ దాటి వచ్చాయి రెండు పెట్టెలు,
డ్రైవరు వెనక సీట్లో, టికెట్టు కొట్టించుకుని.
విప్పితే ఇంకా ప్లాస్టిక్ వాసన.
తలకి కట్టుకునే ఎలాస్టిక్కులు మాత్రం లేవు,
అవి వేరే ఊరి సరుకు, అక్కడెవరిదో సగటు.
గాజుగుడ్డ చింపి కట్టారు సిస్టర్లు.
లోకల్ పర్చేజు అని రాశాను.
బిల్లు ఇంకా ఎక్కడో తిరుగుతోంది.

సువార్తమ్మ మూడో రోజే
మళ్లీ తొడిమల్లో కూచుందట.
మాస్కు వెంట తీసుకెళ్లింది.
రిజిస్టర్లో వాడకం కింద కొట్టేశాను.

మళ్లీ జనవరి వచ్చింది.
తాళం తీశాను.
లైటు వెయ్యకముందే, ఇండెంటు తెరవకముందే
ఫోను తీశాను.

"ఎన్ని తుమ్ములు మేడమ్?"
"మూడు."
"అయితే మూతలు ఆపేస్తున్నా."