లోతు జేబులు

బేరివీధిలో నా కుట్టు మిషను ముందర
డెబ్బై రెండులో, ఎండాకాలం,
ఒక ఆడపిల్ల వచ్చి నిలబడి
ప్యాంటు కుట్టాలన్నా అనింది.
ఎవురికమ్మా, తమ్ముడికా అంటే
నాకే అనింది.

కత్తెర కింద పెట్టేసినా.

ఘాట్ రోడ్డు బస్సు నడిపే మునస్వామి కూతురు.
పేరు మరకతం.
కొండ మలుపుల్లో వాళ్ళ నాయన హారన్ కొడితే
కింద అలిపిరి దాకా వినపడతాదనేవాళ్ళు.
ఆ గొంతే ఈ పిల్లకీ వచ్చిండాది.

టేపు పట్టుకోడానికి నాకు చెయ్యి రాలా.
మా హుసేనమ్మను పిలిచి కొలతలు తీయించి
తడిక ఇవతల నిలబడి రాసుకున్నా:
నడుం ఇరవయ్యారు.
బాటం ఇరవయ్యారు.
నడుమెంతో ఒక్కో కాలి అంచూ అంత!
బుక్కులో పేరు రాసేటప్పుడు భయమేసి
మరకతయ్య అని రాసినా.

అంచుకు ఇత్తడి జిప్పు వేయమనింది,
నడిస్తే నేల గీసుకుని చప్పుడు రావాలంట.
జేబులు మాత్రం
లోతుగా, ఇంకా లోతుగా,
మణికట్టు మునిగేంత.
అంత లోతు ఎందుకమ్మా, ఏం దాస్తావు అంటే
నవ్వింది. చెప్పలా.

ఆ వారమే గంగమ్మ జాతర.
మీసాలుండే మొగోళ్ళు చీరలు కట్టి, జడలేసి,
తాతయ్యగుంట కాడికి పోతా ఉంటే
వీధంతా దండం పెట్టింది.
నేను గూడా ఆరు రవికలు కుట్టిచ్చినా, మొగోళ్ళ కొలతలకి.
ఎవురూ ఏమీ అనలా.
అదే వీధిలో మరకతం ప్యాంటేసుకుని నడిస్తే
పాలంగడి కాడ మొదలైన గుసగుస
పూలంగడి చేరేసరికి తిట్టయింది.
"ఏం వేషమే ఇది?" అనింది ఒక ముసలామె.
"నా వేషమే, అవ్వా"
నిలబడకుండానే చెప్పి పోయింది.

సెలవులై కాలేజీలు తెరిచినాక, హాస్టల్ డే.
నేను గూడా పోయినా.
కుట్టినోడికి ఉంటాది గదా,
కుట్టు నిలస్తాదా లేదా అని.
మెడికల్ కాలేజీ పిలకాయలు ముగ్గురు,
మద్రాసులో అప్పడిగి తెచ్చిన గిటారు,
పెండ్లిండ్లకు కట్టే కోను మైకులు.
మరకతం జుట్టు విరబోసుకుని వచ్చింది.
రెండు చేతులూ జేబుల్లో.
అట్నే నిలబడి, గడ్డం పైకెత్తి,
జనాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి చూసింది,
బాకీ వసూలుకు వచ్చినట్టు.
"అబ్బా, ఏం పొగురురా!" అన్నాడు నా పక్కనోడు.

పాడింది.
ఇంగ్లీషో తెలుగో, రెండూ కలిసిన ఇంకేదో, నాకు తెలీలా.
గొంతు బొంగురుపోయింది గానీ తగ్గలా.
ఎవుడో చెప్పు ఇసిరినాడు.
కాలితో దాన్ని దగ్గరికి లాక్కుని
దాని మీదనే తాళం తొక్కింది.
మైకులు కూసి కూసి చచ్చిపోయినాక గూడా పాడింది,
మలుపు కాడ వాళ్ళ నాయన హారన్ మాదిరి.
ఎదురొచ్చేవాడే తప్పుకోవాల.
చేతులు మాత్రం జేబుల్లోనే.

తెల్లారి ప్యాంటు రిపేరుకొచ్చింది.
ఆమె రాలా, తమ్ముడు తెచ్చినాడు.
బయట ఒక్క కుట్టు జారలా.
జేబులు తిరగేసి చూస్తే
లోపలి గుడ్డంతా గోళ్ళతో పిండి పిండి
పీలికలు, పీలికలు,
చెమట ఆరిన ఉప్పు చారలు.

ఎవురికీ చెప్పలా నేను.
మందం ఖాకీ గుడ్డ వేసి, రెండు వరసలు కుట్టి
డబ్బులు తీసుకోకుండా పంపించినా.
ఆ తరవాత బెంగుళూరన్నారు, గోవా అన్నారు,
ఎవుడితోనో పోయిందన్నారు.
ఒంటిగానే పోయింటాది.

ఇప్పుడు రెడీమేడ్ అంగట్లో ఆల్టరేషన్ పని నాది.
ఆడపిల్లల ప్యాంట్లకు జేబులుండవు,
జేబు మాదిరి ఉత్త గీత ఉంటాది.
అడక్కపోయినా ఆ గీత విప్పి
లోతుగా పెడతా.
గుడ్డ దండగని ఓనరు తిడతాడు.