మూడున్నర

గజపతినగరంలో మే నెల.
మెంటాడ రోడ్డు మీద తారు చెప్పుకి అంటుకుంటోంది.
స్టూడియో దాలినాయుడి అంబాసిడర్
మా రేకుల షెడ్డు ముందు నిలబడి
కార్బురేటర్ నెత్తి మీంచి పెట్రోలు కక్కుతోంది.

"విశాఖలో కొత్త పంపు వేయించాను మేస్త్రీ.
కరెంటుది. ఇంజెక్షన్ బండికి వేసేదంట, బలమైందంట.
ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతోందని..."
అతని జేబులో పెళ్ళివారి అడ్వాన్సు.
రాత్రి పదకొండున్నరకి బొండపల్లిలో ముహూర్తం.

అసిరిమేస్త్రి ఏమీ అనలేదు.
ముందు నోట్లో చుట్ట తీసి వీధి అవతలికి విసిరాడు.
తర్వాత బ్యాటరీ తీగ ఊడదీశాడు.
"ఇసక తే, గుంటడా."
నాకు పదమూడేళ్ళప్పుడు.
బాల్చీడు ఇసక, ఒక తడి గోనె,
అదే నా ఉద్యోగం.

ఇంజను చల్లారాక గిన్నె మూత విప్పాడు.
"ఈ ఇత్తడి బుడ్డి సూడు బాబూ.
పెట్రోలు నిండితే తేలి, సూదితో కన్నం మూసేస్తాది.
సూది బలమెంత? నీ సిటికినేలంత.
దాన్నెత్తి మీద నలబై పౌన్లు తోస్తే
అదేటి నిలబడతాది?
ఉగ్గుగిన్నెతో పట్టాల్సిన బిడ్డ నోట్లో
బోరు గొట్టం పెట్టీసినావు."

దాలినాయుడు నవ్వబోయి మానేశాడు.
"పంపంటే ఇంజనుకి గుండె కదా మేస్త్రీ,
గట్టిగా ఉండొద్దా?"

పాత పంపు డిక్కీలోనే ఉంది, పేపర్లో చుట్టి.
ఆరు స్క్రూలు విప్పితే లోపల పొర
పాత గొడుగు గుడ్డలా మడత దగ్గర చిట్లింది.
మేస్త్రి ఆయిలు పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"కిందకి కారింది. ఆయిల్లో పెట్రోలు. అదీ మార్చాల."

కొత్త పొర వేసి పంపుని నా చేతికిచ్చాడు.
కిరసనాయిలు డబ్బాలో ఒక గొట్టం,
రెండో గొట్టం గాల్లోకి.
నొక్కాను. టక్కుమంది. మళ్ళీ నొక్కాను.
నాలుగోసారికి చిమ్మి నా కంట్లో పడింది.
"ఏడవకు. ఇను.
నీ సెయ్యి లాగుతాదంతే, తొయ్యదు.
తోసేది లోపల స్ప్రింగు.
నువ్వెంత గట్టిగా నొక్కు, ఒత్తిడి మాత్రం దానిదే.
ఇప్పుడు ఆ కన్నం వేలెట్టి మూసీ."

మూశాను. వేలి కింద చిన్న మొండితనం.
నొక్కాను, నొక్కాను.
లివరు ఉత్తినే ఊగుతోంది,
లోపల పొర కదలడం లేదు.
కింది నుంచి ఎవరో పిలుస్తున్నా
పైన కూర్చుని వింటున్నట్టుంది.

"గుండె కాదు బాబూ," అన్నాడు దాలినాయుడితో.
"గుండెకి ఆగడం రాదు.
ఇది సాలంటే ఆగుతాది."

తర్వాత గొట్టం మధ్యలో గేజి పెట్టి
ఇంజను తిప్పించాడు.
ముల్లు వణికి, వణికి, మూడున్నర దగ్గర కుదురుకుంది.
"అంతే కావాల. ఈ మూడున్నర కోసవే ఇంత తగువు."

దగ్గు మాత్రం పొరది ఒక్కదానిదే కాదు.
పెట్రోలు గొట్టం సైలెన్సరు పైపుకి ఆనుకుని పోతోంది.
ఈ ఎండకి పెట్రోలు దారిలోనే ఆవిరైపోతే
పాపం పంపేం తోడుతుంది?
గొట్టం దూరంగా జరిపి కట్టాడు,
నా తడి గోనెలో ముక్క చింపి పంపుకి చుట్టాడు.
ఆ గోనెకి నాకు లెక్క చెప్పలేదు.

ఆ రాత్రి పెళ్ళి ఫోటోలన్నీ బాగా వచ్చాయట.
నూట ఎనభై రూపాయల్లో ముప్పై బాకీ పెట్టాడు దాలినాయుడు.

ఇప్పుడు షెడ్డు నాది.
వచ్చేవన్నీ ఇంజెక్షన్ బళ్ళే.
మేస్త్రి గేజి మేకుకి వేలాడుతోంది, అంకెలు పదిహేను దాకానే.
ఒకసారి తొందరలో, సిగ్గులేకుండా,
దాన్ని కొత్త బండికి తగిలించాను.
ముల్లు చివరి మేకుని కొట్టుకుని వంగిపోయింది.
అప్పట్నుంచి ఏమీ లేనప్పుడు కూడా
అరపౌను చూపిస్తుంది.

ఏడాదికో రెండేళ్ళకో ఏ అంబాసిడరో వస్తే
దాన్నే తీస్తాను.
నాలుగు దగ్గర ఆగితే
అర తీసేసి చదువుకుంటాను.