తొమ్మిదో తరగతి ఊరు

ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది.
ఒకటి వస్తే ఊరేగింపు.
పది వస్తే, నీ ఇంటికి నువ్వే దిక్కు అని అర్థం.
మా డన్‌లాప్ ఫోర్క్‌ది తొమ్మిది.
నెబ్రాస్కా ఇసుక దిబ్బల మధ్య మూడు వందల పన్నెండు మంది,
ఒక ధాన్యం ఎలివేటర్, ఒక బారు,
వెయ్యి గ్యాలన్ల ఎర్రబండి ఒకటి.
తలుపు తెరుచుకోవాలంటే
దాన్ని భుజంతో ఒకసారి పలకరించాలి.

మార్చిలో ఒమాహా నుంచి మెరిల్ స్టాక్ వచ్చాడు,
మా మట్టి బూట్లకంటకుండా నడవగల మనిషి.
హైడ్రెంట్ మూత విప్పించాడు.
నీళ్ళు రోడ్డు దాటి లూథరన్ చర్చి మెట్లమీదికి దూకాయి.
ఆ ధారలో సన్నటి ఇత్తడి గొట్టం పెట్టి
ముల్లు ఎక్కడ వణికిందో రాసుకున్నాడు.
కుక్కలు తడిశాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు.
అతను రెండో హైడ్రెంట్ ఎక్కడని అడిగాడు.

నీళ్ళకు నలభై మార్కులు, బండికీ మనుషులకూ యాభై,
ఫోన్ ఎత్తేవాళ్ళకు పది.
నేను టౌన్ క్లర్క్‌ని. కాఫీ పోస్తూ విన్నాను.
"ట్రైనింగ్ రికార్డులు?"
చీఫ్ ఆర్లిన్ వైకర్ట్ టోపీ తీసి మోకాలికి తగిలించాడు.
పంతొమ్మిదేళ్ళుగా ప్రతి మంగళవారం రాత్రి
వీళ్ళు పాత సైలో ఎక్కి దిగుతున్నారు,
కళ్ళకు గంతలు కట్టుకుని
గొట్టం వెంట నేలమీద పాకుతున్నారు.
ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వే రకం కాదు.
ముందే తవ్వారు.
తవ్వినట్టు ఎక్కడా రాసుకోలేదు, అంతే.

రాయనిది జరగలేదు, అన్నాడు స్టాక్.
కోపంగా కాదు. గుమస్తా గొంతుతో.
పన్ను కట్టామని ఒట్టేసే వాళ్ళతో
నేను మాట్లాడే గొంతు అది.

మధ్యాహ్నం వెర్నా పొకోర్నీ వచ్చింది,
దాణా కొట్టువాడు ఏటేటా ఇచ్చే క్యాలెండర్లు
చంకలో చుట్టగా పెట్టుకుని.
పైన ఎద్దు బొమ్మ, కింద ఆమె మొగుడు లాడిస్లావ్ పెన్సిల్ రాత.
మంగళ: పంపు, రెండు గంటలు, ఏడుగురం. డ్వేన్ రాలేదు.
మంగళ: నిచ్చెనలు. వాన. డ్వేన్ రాలేదు.
బుధ: ఎర్రావు ఈనింది.
ఒక జనవరి శుక్రవారం:
హోల్ట్ వాళ్ళ ఇల్లు. చిన్నదాన్ని నేనే బయటికి తెచ్చాను.
ఇంటికొచ్చి పాలు పితికాను.

నిబంధన ప్రకారం పనికొచ్చేది చివరి ఏడాదే.
అందులోనూ అక్టోబరు తర్వాత గళ్ళన్నీ ఖాళీ,
రాసే చెయ్యి లేదు కాబట్టి.
స్టాక్ పది నెలల గంటలు కూడాడు.
మార్కులు రాని పాత ఏళ్ళను కూడా
ఒక్కో పేజీ తిప్పాడు, చాలాసేపు.
కాఫీ చల్లారింది. మళ్ళీ పొయ్యనా అని
అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది. ఆరు.
నా ఇంటి ప్రీమియం రెండొందల డాలర్లు తగ్గింది,
బారువాడు ఆ రాత్రి లెక్క చూసుకోకుండా పోశాడు.
కానీ ఆరు అంటే, స్టేషన్ నుంచి ఐదు మైళ్ళ లోపే.
వెర్నా తపాలా డబ్బా నాలుగు మైళ్ళ తొమ్మిది పదులు.
గేటు దాటి పొడుగు దారి చివర ఆమె ఇల్లు
ఐదు మైళ్ళ రెండు పదులు.
డబ్బా ఆరో తరగతి. ఇల్లు పదో తరగతి.
ఆర్లిన్ ఫోన్‌లో ఇది చెప్పలేక దగ్గుతుంటే
ఆమె పగలబడి నవ్విందట:
"అయితే వానొస్తే డబ్బాలో పడుకుంటాలే."

ఇప్పుడు మంగళవారాలు నేనూ వెళ్తున్నాను,
గీతల పుస్తకమూ రెండు పెన్సిళ్ళూ పట్టుకుని.
నిన్నటి పేజీ ఇది:

సెప్టెంబరు, మంగళ. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా.
పొకోర్నీ వాళ్ళ పశువుల చెరువు నుంచి నీళ్ళు తోడి
ఆమె పైకప్పు తడపడం.
గొట్టం చాల్లేదు, రెండోసారి చాలింది.
హాజరు తొమ్మిది మంది.
డ్వేన్ రాలేదు.