గేజి పుస్తకం వెనక పేజీలు

లాకుల దగ్గర నా పని చిన్నది.
పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ
రాతి మీది అంకె చూసి పుస్తకంలో ఎక్కించడం.
ఎగువ ఇంత, దిగువ ఇంత.
ముప్ఫై ఏళ్ళుగా కాలువ చెప్పిందే రాశాను,
ఒక్క అంగుళం నా సొంతం కలపలేదు.

వీరవేణి నా చెల్లెలు.
గట్టు మీది రెండు సెంట్ల కోసం
పదకొండేళ్ళు మాటల్లేవు.
పీచు ఫ్యాక్టరీలో కళ్ళు తిరిగి పడిందనీ
ముక్కులోంచి రక్తం ఆగలేదనీ ఎవరో అంటే
వింటూనే గేటు చక్రం తిప్పాను.
మేనల్లుడొచ్చాడు, దూదిపుల్ల పట్టుకుని.
కాదందామని నోరు తెరిచాను,
చెంప లోపల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నెలకి విశాఖ నుంచి ఫోను:
"పదికి పది కలిసిందండి."
నవ్వొచ్చింది.
ఒక్క మాట కలవనివాళ్ళకి
పదికి పదా!

ఆ వార్డు కిటికీలోంచి సముద్రం కనపడదు.
మా గోదారి మాత్రం వినపడుతుంది,
మంచం మంచానికీ ఒక "ఆయ్".
నరసాపురం లేసు అల్లే ఆవిడ,
రావులపాలెం అరటిగెలల ముఠా మేస్త్రి,
ఉండి చెరువుల మీద మేత చల్లే కుర్రాడు,
బొమ్మకి కూడా మాస్కు కట్టిన యానాం పిల్ల.
"మా మావగారికిదే వస్తే వెల్లూరు రైలన్నారు.
టిక్కెట్టు డబ్బులు పోగయ్యేలోపు ఆయనే పోయారు,"
అంది లేసావిడ, దారం వెతుక్కునే వేళ్ళతో.
ఆవిడకి కొడుకు మూలకణాలు ఎక్కిస్తారట,
సగం కలిసినా ఇప్పుడు చాలట.

డాక్టరమ్మనడిగాను, మా వైపు నుంచే ఇంతమందా అని.
"జబ్బు పెరిగిందో, ఇక్కడిదాకా రాగలిగేవాళ్ళు పెరిగారో
చెప్పలేనండి. ఊరూరా లెక్క నా దగ్గర లేదు."
గేజి లేని కాలువకి
నీళ్ళెంత వదలాలో ఎలా తెలుస్తుందమ్మా, అన్నాను.
ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అప్పటికి వేణిని కట్టేశారు.
మేమూ అంతే, ఎండాకాలం కాలువ కట్టేస్తాం.
అడుగు కనపడాలి, గుర్రపుడెక్క లాగాలి, పూడిక తియ్యాలి.
ఆ నెలన్నర నాచు కంపూ, బురదలో చేపల కొట్టుకులాటా
గట్టు మీదున్నవాడికే తెలుసు.
ఆమె జుట్టు దిండు మీదుంది.
తెల్లకణాలు సున్నా.

నాకు అయిదు రోజులు సూదులు,
నడుములో ఎవరో పలుగేసినట్టు నొప్పి.
ఆరో రోజు ఈ చేతిలోంచి తీసి ఆ చేతిలోకి
నాలుగ్గంటలు తిరిగింది రక్తం.
మిగిలిన చిన్న సంచి
ఆషాఢంలో వచ్చే కొత్త నీటి రంగులో ఉంది.

అద్దం అవతల నుంచి, ఫోన్లో, మొదటిసారి మాట్లాడింది:
"నీ మొండితనం కూడా వచ్చేస్తదా ఇందులో?"
"వస్తది. రెండు సెంట్లు మాత్రం రావు."
నవ్వబోయి దగ్గింది.
నర్సు నన్ను కోప్పడింది.

సున్నా. సున్నా. సున్నా.
పన్నెండో రోజు నూరు.
పదిహేడో రోజు ఆరొందలు.
శివారు రైతు నీళ్ళొస్తే కేకలెయ్యడు,
మడిలో కాలు పెట్టి చూసుకుంటాడు.
నేనా కాగితం మీద వేలు పెట్టి చూసుకున్నాను.

ఇప్పుడామె రక్తం నా గ్రూపు.
పరీక్ష చేస్తే మగమనిషిదని వస్తుందట.
రెండు సెంట్ల కేసు వాయిదా శ్రావణంలో ఉంది.

గేజి పుస్తకం వెనక పేజీల్లో
గళ్ళు గీశాను. పేరు, ఊరు, ఏ నెల, ఎంత.
కాలువ వెంట ఎవరు చెప్పినా రాస్తున్నాను,
నలభై ఒకటి అయ్యాయి.
యానాం పిల్ల గడిలో అంకె ఆగిపోయింది,
కొట్టెయ్యలేదు.
తనిఖీకొచ్చిన ఇంజనీరుగారు తిరగేసి
ఇవేమిటయ్యా అంటే
దిగువ మట్టాలండి, అంటాను.