తలుపుకు రెండడుగుల ఇవతల

మూడో భాగం చివర్లో ఆ పిల్ల
తలుపు పిడి మీద చెయ్యి వేస్తుంది.
తెర నల్లబడుతుంది. అంతే.
పదకొండేళ్లు ఆడినందుకు దక్కిన జవాబు.

వూచ్ నగరంలో ట్రామ్ నడిపే బొగుమీవకు
పొద్దుటి షిఫ్టున్నా కన్ను మూతపడదు.
తమ్ముడు జెమోవిత్ తేల్చేశాడు:
అవతలంతా నీళ్లే, మునిగిపోయింది.
మరి పేర్లన్నీ పైకి పాకిపోయాక
కెటిల్ ఈల వినపడింది కదరా,
నీళ్లలో పొయ్యి వెలుగుతుందా?
అది మన వంటింట్లోది, అక్కా.

కావచ్చు. ఆ రాత్రి
టీ పెట్టిందెవరో ఇద్దరికీ గుర్తులేదు.

నాలుగో భాగం వస్తోందట, అంతా విప్పి చెబుతారట.
వాడు ముందే డబ్బు కట్టేశాడు.
ఆమె మాత్రం పాత సేవ్ తెరిచి
తలుపుకు రెండడుగుల ఇవతల
ఆ పిల్లని నిలబెట్టి, చేతిలోది కింద పెట్టేస్తుంది.
ఎవరూ మీట నొక్కకపోయినా
ఆ పిల్ల ఊపిరి తీస్తుంది, వదులుతుంది,
ఉండుండి భుజం మీది సంచి సర్దుకుంటుంది.

నాలుగున్నరకి మంచు గీరుకుంటూ
ట్రామ్ చివరి స్టాపు చేరుతుంది.
అక్కడ పట్టాలు ఆగవు,
చిన్న చుట్టు చుట్టి ఊళ్లోకే మళ్లుతాయి.
వెనక సీట్లో ఎవరో నిద్రపోతున్నారు,
దించెయ్యాలి, రూలు.

ఆమె గంట కొట్టదు.