దొడ్డితలుపు

గ్రిమ్స్‌బీ రేవులో, చేపల గిడ్డంగి పైగదిలో
హీటరు పక్కన కూర్చుని
లెక్క తప్పిన చోటు వెతుకుతున్నాను.

హాడక్ పెట్టెలు నాలుగు వందల పన్నెండు, అంటోంది సర్వరు.
మూడు వందల అరవై, అంటోంది డోరీన్ తెర.
ఫైలు ఒక్కటే.

కింద తూకం దగ్గర కుర్రాళ్లు
సర్వరుని అడిగి పుచ్చుకుంటారు.
అది వరస చూస్తుంది, తాళం వేస్తుంది, తీస్తుంది,
కొంత సరుకు చేతిలోనే ఉంచుకుని తీరిగ్గా సర్దుతుంది.
డోరీన్ మాత్రం జెడ్ డ్రైవులోంచి
నేరుగా ఫైల్లో చెయ్యి పెడుతుంది,
ఇరవై ఆరేళ్లుగా.
ఆమె వేసిన గడియ వీళ్లకి వినపడదు.
వీళ్ల తాళం ఆమెకి కనపడదు.
అందరూ మర్యాదస్థులే.
మధ్యలో ఇండెక్సు చిరిగింది.

"దొంగని చూసినట్టు చూడకమ్మా," అంది
టీ కప్పు నా వైపు జరుపుతూ.
"నేనొచ్చేనాటికి ఉన్న తలుపు ఇదొక్కటే."

నిజమే. వీధి తలుపు పెట్టినవాళ్లెవరూ
దొడ్డితలుపు సంగతి ఆమెతో ఎత్తలేదు.

సాయంత్రం పనంతా ఆపించి
చేతొడుగులు తొడుక్కుని ఇద్దరం మంచుగదిలోకి వెళ్లాం.
ఆమె పెన్సిలుతో గీతలు గీస్తూ, నేను వేళ్లు మడుస్తూ.
మూడు వందల తొంభై ఏడు.
రెండు లెక్కలూ తప్పే.

రాత్రి ఆమె దారి మూశాను.
కొత్త పాస్‌వర్డు కాగితం మీద రాసిస్తే
చదివి, మడిచి, జేబులో పెట్టుకుని అడిగింది:
"మరి ఈ సర్వరు నిద్రపోతే
నేనెవరి తలుపు కొట్టాలి?"

నంబరు రాసిచ్చాను.
ఆఫీసుది కాదు,
నాది.