కవర్లు

రాత్రి రెండున్నర.
వేక్‌ఫీల్డ్ ఆసుపత్రి వెనకవైపు ల్యాబులో
హీటరొక్కటే గొణుగుతోంది.

గాజుపలక మీద ఒక్క చుక్క.
మైక్రోస్కోపు మీదికి వంగితే
మళ్ళీ అవే,
బుల్లి బుల్లి కవర్లు.
నలుచదరంగా, మూల నుంచి మూలకి మడత గీతలతో,
అంటించేసిన ఉత్తరాల్లా.
పుస్తకంలో వీటి పేరు కాల్షియం ఆక్సలేటు.
పదకొండేళ్ళుగా వీటికి నేను పోస్టుమాస్టర్ని.
లెక్కపెడతాను, రాస్తాను, పంపేస్తాను.
ఎవరికొచ్చాయో అడగను.

ఈ రాత్రి అడగక్కర్లేదు.
సీసా మీద పేరు నాదే.
నా సీసా నేను చూడకూడదని నియమం.
జెనీన్ టీకి వెళ్ళింది.

మంగళవారం బస్సులో
నడుం వెనక ఎవరో తడిబట్ట పిండినట్టు మెలితిప్పింది.
పక్కసీటు పిల్లాడు తన చాక్లెట్ నా చేతిలో పెట్టాడు,
ఏడవద్దని.

ఊరి చివర అద్దెతోటలో నాకో మడి ఉంది.
ఈ చలికి బెండ ముడుచుకుంది,
ఆనప మంచం పట్టింది,
చుక్కకూర మాత్రం కోసినకొద్దీ కాసింది.
వారానికి నాలుగు రోజులు పప్పులో అదే,
మిగతా మూడ్రోజులూ పచ్చడి.
ఎవరైనా అడిగితే
ఆకుకూర, ఒంటికి మంచిది, అనేదాన్ని.

పక్క మడి క్లిఫర్డ్‌ది. అంతా రూబార్బు.
చేటంత ఆకులు, కుంకుమ కాడలు.
కాడ తింటారు, ఆకు ముట్టరు.
"ఆకు నా కోళ్ళక్కూడా వెయ్యను" అంటాడు.
ఓ ఫిబ్రవరిలో తన చీకటి కొట్టంలోకి తీసుకెళ్ళాడు.
ఒకే ఒక్క కొవ్వొత్తి.
మాటలాపి వింటే
టప్... టప్...
మొగ్గపొరలు చీల్చుకుని కాడలు పెరిగే చప్పుడు.
ఒకటి విరిచిచ్చాడు. కొరికాను.
పళ్ళు పులిశాయి.
ఆ మాట అతని భాషలోకి ఎలా తేవాలో తెలియక
బుగ్గ పట్టుకుని నవ్వాను.
చుక్కకూరకీ దీనికీ ఒకటే ఇంటిపేరట.
దాయాదులు.
ఒకరు పప్పులో తేలారు, ఒకరు పంచదారలో.

ఆకుని ఏమనగలను?
కాళ్ళు లేనిది పారిపోలేదు,
గోళ్ళు లేనిది రక్కలేదు.
గొంగళి నోటికోసం, నత్త నాలుక్కోసం
పులుపుని ముళ్ళలా ఒంట్లో దాచుకుంది.
మధ్యలో నేనొచ్చాను, ఇంగువ పోపుతో.
ఆ ముళ్ళు నాకోసం దాచినవి కావు,
ఆ మాటకొస్తే ఆ ఇనుమూ నాకోసం కాదు.
మందని పిలిచినా విషమని పిలిచినా
అది ఇటు తిరిగి చూడలేదు.

డాక్టరు మానెయ్యమన్లేదు.
నీళ్ళు తాగు. ఉడికించిన నీళ్ళు పారబొయ్యి.
కూరతోపాటు పెరుగు తిను.
పెరుగులో సున్నం కడుపులోనే ఆ పులుపు చెయ్యి పట్టుకుని
కిడ్నీ వైపు పోనివ్వకుండా
దొడ్డిదారిన సాగనంపుతుందట.
మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు, అనబోయి ఆగాను.
మా రాజేశ్వరత్త గడ్డపెరుగు లేనిదే ముద్ద ముట్టేది కాదు,
ఆవిడకి రెండుసార్లు పడింది రాయి.
లావవుతున్నానని మూడేళ్ళ కిందట పెరుగు మానేసింది మాత్రం నేను.

శనివారం తోటలో ఇదంతా చెబితే
క్లిఫర్డ్ పార మీద గడ్డం ఆనించి నిలబడిపోయాడు.
"నాకూ పడింది. తొంభై ఆరులో.
రాయిలో సున్నం, పాలల్లో సున్నం అనుకుని
అప్పట్నుంచీ పాలు మానేశాను."
నల్లటి టీ. ఉత్త రూబార్బు.
కాసేపాగి,
"ప్రతి ఆదివారం మేవిస్ కస్టర్డు చేసేది.
ప్రతి ఆదివారం గిన్నె పక్కకి నెట్టేవాణ్ణి."
మేవిస్ పోయి ఆరేళ్ళు.
నేను కలుపు మొక్కొకటి పీకాను.
అది కలుపు కాదని తర్వాత చూసుకున్నాను.

పై శనివారం కొట్టం గుమ్మంలో
చేతిలో గిన్నె, రెండు చెంచాలు.
"ఉండలు కట్టింది" అన్నాడు నేల చూస్తూ.
నా డబ్బాలో పప్పన్నం, మీద పెరుగు.
అతను అది తిన్నాడు, నేను ఇది తిన్నాను.
పళ్ళు కాస్త పులిశాయి, ఇద్దరికీ.
ఈసారి మాట నేర్పాను.
మూడుసార్లు ప్రయత్నించాడు.
"ళ్ళ" దగ్గర నాలుక మడతపడి
అక్కడే ఉండిపోయింది.